ల్యాబ్ సిస్టమ్ మారేటప్పుడు ఈఎంఆర్‌లో ముందు ఏది సరిచెయ్యాలి, ఏది కదపకూడదు

మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇది. 300 పడకల ప్రైవేటు ఆసుపత్రి. ఇన్నాళ్లూ టెక్నీషియన్లు మెషిన్ మీద చూసి రిజల్టులు ఈఎంఆర్‌లో, అంటే పేషెంట్ల కంప్యూటర్ రికార్డులో, చేత్తో టైపు చేస్తున్నారు. ఇప్పుడు కొత్త ల్యాబ్ సాఫ్ట్‌వేర్, మనమంతా ఎల్‌ఐఎస్ అనేది, వస్తోంది. అనలైజర్లు, అంటే శాంపిల్ పరీక్షించే మెషిన్లు, దానికి కలుస్తాయి, రిజల్టులు అక్కడి నుంచి నేరుగా ఈఎంఆర్‌లోకి వస్తాయి. ఎలాగూ కదిలిస్తున్నాం కాబట్టి ఆర్డర్ స్క్రీన్లు, అలర్టులు, డిశ్చార్జ్ సమ్మరీ కూడా ఇప్పుడే బాగుచేసేద్దాం అని మేనేజ్‌మెంట్ అంటోంది. మూడు వారాల్లో ఇంటర్‌ఫేస్, అంటే రెండు సిస్టమ్‌లనీ కలిపే లింకు, రెడీ అని వెండర్ అంటున్నాడు. అన్నీ కలిపి చెయ్యొచ్చా, కొన్నాళ్లు చేతి టైపింగ్ కూడా నడపాలా అని మీరు అడిగారు.

కొన్ని కలిపే చెయ్యాలి, మిగతావి గట్టిగా ఆపాలి. టెస్టుల జాబితా, యూనిట్లు, పేషెంటు గుర్తింపు, డాక్టరు రిజల్టు చూసే స్క్రీను, ఈ నాలుగూ కొత్త సిస్టమ్ ఆన్ అయ్యే లోపు సరవ్వాలి. మిగతా ఏ మార్పూ ల్యాబ్ కుదుటపడేదాకా వద్దు. ఒకేసారి పది మార్చి ఒక రిజల్టు తప్పు వస్తే, ఆ పదింట్లో దేనివల్ల వచ్చిందో వెతకడానికే వారం పోతుంది. ఆ వారం రోజులూ వార్డులో పేషెంట్లు ఉంటారు.

ల్యాబ్ ప్రాజెక్టు కదా అని చాలాచోట్ల టెస్టింగ్ అంతా ల్యాబ్‌లోనే చేస్తారు. ఎల్‌ఐఎస్ స్క్రీన్ మీద రిజల్టు కరెక్టుగా కనిపిస్తే టిక్కు పెట్టేస్తారు. కానీ రాత్రి రెండింటికి ఐసీయూలో డ్యూటీ డాక్టరు చూసేది ఎల్‌ఐఎస్‌ని కాదు, ఈఎంఆర్‌ని. అక్కడ ఏ అంకె, ఏ యూనిట్‌తో, ఏ రంగులో కనిపించిందో దాన్నిబట్టే మందు మారుతుంది. అందుకే ప్రతి పరీక్షనూ ఆ స్క్రీన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి, మెషిన్ దాకా వెళ్లి సరిచూడండి. ఈ సమాధానంలో మిగతాదంతా దీన్నుంచి వచ్చేదే.

ముందు టెస్టుల జాబితా. మీ ఈఎంఆర్‌లో ఇప్పుడున్న సర్వీస్ మాస్టర్‌ని, అంటే టెస్టులు, రేట్ల పట్టికని, బిల్లింగ్ వాళ్లు తయారుచేసి ఉంటారు, నేను చూసిన చాలా ఆసుపత్రుల్లో అంతే. తెరిచి చూడండి: సీబీపీ ఒకటి, సీబీసీ ఒకటి, హీమోగ్రామ్ ఒకటి, ప్యాకేజీ కోసం పెట్టిన ఇంకో సీబీపీ ఒకటి. నాలుగూ ఒకే ట్యూబు, ఒకే మెషిన్, ఒకే పరీక్ష, రక్తకణాల లెక్క. రేట్లు వేరు కాబట్టి బిల్లింగ్‌కి నాలుగు కావాలి, డాక్టరుకి ఒకటి చాలు. బిల్లు కోడ్‌నే పరీక్ష కోడ్‌గా వాడుతూ వచ్చినంతకాలం చేతి టైపింగ్ ఈ గందరగోళాన్ని దాచిపెట్టింది. టెక్నీషియన్‌కి బుర్ర ఉంది, సర్దుకున్నాడు. ఇంటర్‌ఫేస్ సర్దుకోదు. సోమవారం హీమోగ్రామ్ పేరుతో, బుధవారం సీబీపీ పేరుతో వచ్చిన హీమోగ్లోబిన్‌లు రెండు వేర్వేరు వరుసల్లో పడతాయి. రెండు రోజుల్లో రెండు గ్రాములు పడిపోయిన సంగతి ఎవరి కంటికీ ఆనదు.

పని ఇలా చేయించండి. బిల్లు జాబితా ఒకటి, డాక్టరు ఆర్డర్ చేసే జాబితా ఒకటి, మెషిన్ నుంచి వచ్చే ఒక్కొక్క రిజల్టు జాబితా ఒకటి, మూడూ విడగొట్టి మధ్యలో లింకులు పెట్టండి. మూడో జాబితాలో ప్రతి దానికీ లాయింక్ కోడ్, అంటే ల్యాబ్ పరీక్షలకు ప్రపంచమంతా వాడే గుర్తింపు సంఖ్య, ఇవ్వండి. అమెరికాలోని రీజెన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్ 1994లో మొదలుపెట్టిన ఈ కోడ్‌లు ఉచితంగానే దొరుకుతాయి. మన ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2016 ఈహెచ్‌ఆర్ (ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల) ప్రమాణాల్లోనూ ల్యాబ్ పరీక్షలకు వీటినే చెప్పారు. హీమోగ్లోబిన్ 718-7, సీరమ్ క్రియాటినిన్ 2160-0, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 4548-4, ఇలా. పేరు చూసి కోడ్ పెట్టేయకండి. శాంపిల్ ఏమిటి, ఏ కొలతలో వస్తుంది, ఏ సమయంలో తీసింది అన్నవి కూడా కుదరాలి. ఫాస్టింగ్ షుగర్, తిన్నాక చేసే షుగర్, ర్యాండమ్ షుగర్ వేర్వేరు కోడ్‌లు. వార్డులో సిస్టర్ గ్లూకోమీటర్‌తో చూసే జీఆర్‌బీఎస్ ఇంకోటి, దాన్ని ల్యాబ్ షుగర్‌తో ఒకే వరుసలో కలపొద్దు.

ఈ పని ఐటీ వాళ్లకి వదిలేస్తే కాదు. పాథాలజిస్టు, బయోకెమిస్టు, వార్డు వైపు నుంచి ఒక ఫిజీషియన్, బిల్లింగ్ నుంచి ఒకరు కలిసి కూర్చోవాలి. వెండర్ చెప్పిన మూడు వారాలు వైర్లు కలపడానికి సరిపోవచ్చు, అసలు టైము తినేది ఈ జాబితానే. మేనేజ్‌మెంట్‌కి ఈ మాట ముందే చెప్పండి.

ఇక యూనిట్లు. పేషెంటుకి నేరుగా హాని జరగగల చోటు ఇది కాబట్టి ఒక్క ఉదాహరణ వివరంగా చెబుతాను. డెంగీతో చేరిన పేషెంటు, జ్వరం ఐదో రోజు. మొన్న సాయంత్రం ప్లేట్‌లెట్లు 0.62 అని టైపు చేశారు, అంటే లక్షల్లో, 62 వేలు. నిన్న రాత్రి డ్యూటీలో ఉన్న టెక్నీషియన్ 48000 అని పూర్తి అంకె కొట్టాడు. ఈ రోజు ఉదయం కొత్త సిస్టమ్ ఆన్ అయింది, మెషిన్ నుంచి నేరుగా 41 వచ్చింది. మెషిన్ లెక్క మైక్రోలీటరుకు వేలల్లో, కాబట్టి 41 అంటే 41 వేలు. మూడు అంకెలూ నిజమే. ఈఎంఆర్‌లో నార్మల్ రేంజ్ మాత్రం 1.5 నుంచి 4.5 అని, లక్షల లెక్కలో, పాతదే ఉంది. ఫలితం ఏమిటంటే 41 పక్కన ‘ఎక్కువ’ అని గుర్తు పడుతుంది. ప్లేట్‌లెట్లు జారిపోతున్న మనిషికి స్క్రీన్ ‘ఎక్కువ’ అని చెబుతోంది. గ్రాఫ్ తెరిస్తే మధ్యలో ఒక కొండ లేచి ఉంటుంది, మిగతా రెండు చుక్కలూ నేలకి అతుక్కుని ఉంటాయి. అనుభవం ఉన్న డాక్టరు వెంటనే పట్టుకుంటాడు. రాత్రంతా నిద్ర లేకుండా ముప్పై మందిని చూస్తున్న కుర్ర డాక్టరు పట్టుకోకపోవచ్చు, అది అతని తప్పు కాదు.

తెల్ల రక్తకణాలదీ ఇదే కథ, 8,600 అని ఒకచోట, 8.6 అని ఇంకోచోట. కొత్త అనలైజర్ సెట్టింగుల్లో క్రియాటినిన్ మైక్రోమోల్స్‌లో ఉండిపోతే దాన్ని 88.4తో భాగించాలి, అప్పుడే మనకు అలవాటైన మిల్లీగ్రాములు వస్తాయి. గ్లూకోజ్ మిల్లీమోల్స్‌లో వస్తే 18తో హెచ్చించాలి.

దీనికి నా పద్ధతి చెబుతాను. ఒక్కో పరీక్షకు ఒక్క యూనిటే ఉండాలి, అది ఏదో మీ డాక్టర్లు తేల్చాలి. మన దగ్గర ప్లేట్‌లెట్లు లక్షల్లోనే అందరి నోటా నడుస్తాయి, పేషెంటు బంధువులు కూడా లక్షల్లోనే అడుగుతారు. కాబట్టి లక్షలే ఉంచుకుంటామంటే తప్పేమీ లేదు, అన్నిచోట్లా అదే ఉంటే చాలు. మార్పిడి ఒకేచోట జరగాలి, అదీ ఎల్‌ఐఎస్‌లోనే. ఎల్‌ఐఎస్ ఒకసారి, ఇంటర్‌ఫేస్ ఇంకోసారి మార్చితే 0.41 కాస్తా 0.0041 అవుతుంది. నార్మల్ రేంజ్, ఎక్కువ తక్కువ గుర్తులు ఎల్‌ఐఎస్ నుంచి రిజల్టుతో పాటే రావాలి, ఈఎంఆర్ వాటిని యథాతథంగా చూపించాలి. ఈఎంఆర్‌లో ఉన్న పాత రేంజ్‌లు పూర్తిగా ఆపేయించండి. రెండు చోట్ల రేంజ్‌లుంటే ఎప్పుడో ఒకప్పుడు అవి విడిపోతాయి. పాత రిజల్టుల్ని మాత్రం తిరగరాయొద్దు. చేతితో టైపు చేసినవాటిలో ఏ యూనిట్ ఉద్దేశించారో ఇప్పుడు ఊహించడం ప్రమాదం. పాతవి పాత వరుసలో, తేదీతో సహా అలాగే ఉంచి, కొత్త గ్రాఫ్‌ని కొత్త సిస్టమ్ రోజు నుంచి మొదలుపెట్టండి. డాక్టర్లు కొంచెం గొణుగుతారు. పర్వాలేదు.

అంకె కాని రిజల్టుల్ని ఎవరూ పరీక్షించరు, మీరు తప్పకుండా పరీక్షించండి. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ మరీ తక్కువుంటే మెషిన్ ‘0.005 కంటే తక్కువ’ అనే గుర్తుతో పంపిస్తుంది. ఈఎంఆర్‌లో ఆ గడి అంకెలకు మాత్రమే అయితే, కొన్ని సిస్టమ్‌లు ఆ గుర్తుని మింగేసి 0.005 అని చూపిస్తాయి, కొన్ని ఖాళీగా వదిలేస్తాయి, కొన్ని మెసేజ్ మొత్తాన్నే తిప్పికొడతాయి. సిస్టమ్‌లు రిజల్టులు పంపుకునే హెచ్‌ఎల్ 7 మెసేజ్‌లో, ఓబీఎక్స్ అనే రిజల్టు వరుసలో రెండో ఫీల్డు విలువ ఏ రకమో చెబుతుంది, అక్కడ అన్నిటికీ ‘ఎన్‌ఎమ్’ (అంకె) అని పెట్టేశారేమో వెండర్‌ని అడగండి. అలాగే ‘శాంపిల్ హీమోలైజ్ అయింది’ (రక్తకణాలు పగిలాయి, పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది) అని టెక్నీషియన్ రాసిన కామెంటు ఈఎంఆర్ దాకా వస్తోందా చూడండి. పొటాషియం 6.8 అని ఒక్క అంకె వచ్చి కామెంటు దారిలో రాలిపోతే, వార్డులో వెంటనే కాల్షియం గ్లూకోనేట్ ఎక్కించే హడావిడి మొదలవుతుంది. కామెంటు ఉంటే ముందు ఈసీజీ చూస్తూ ఇంకో శాంపిల్ పంపిస్తారు.

పేషెంటు గుర్తింపు విషయానికొస్తే, ఒకే మనిషికి రెండు మూడు యూహెచ్‌ఐడీలు, అంటే ఆసుపత్రి నంబర్లు, ఉండడం మన దగ్గర మామూలే. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనుక. ఫోన్ నంబరు ఒకసారి కొడుకుది, ఒకసారి అల్లుడిది. ఎమర్జెన్సీలో పేరు తెలియక తాత్కాలికంగా చేసిన రిజిస్ట్రేషన్, బంధువులొచ్చాక చేసిన అసలు రిజిస్ట్రేషన్, రెండూ కలిపినప్పుడు ఆ సంగతి ఎల్‌ఐఎస్‌కి కూడా తెలియాలి. ఏడీటీ ఏ40 అనే మెసేజ్ దీనికోసమే ఉంది. దాన్ని నిజంగా పంపించి చూడండి, అదీ శాంపిల్ ల్యాబ్‌లో ఉండి రిజల్టు ఇంకా రాని సమయంలో. చాలాచోట్ల ఈ ఒక్క సందర్భంలోనే రిజల్టు ఎటో పోతుంది.

పసిబిడ్డల సంగతి విడిగా చూడాలి. ‘బేబీ ఆఫ్ లక్ష్మి’ అని రిజిస్టర్ చేసినప్పుడు పుట్టిన తేదీ, గంట సరిగ్గా పడుతున్నాయా? పెద్దవాళ్లకి వయసు మాత్రమే తీసుకుని జనవరి ఒకటో తేదీ వేసే అలవాటు ఉన్న కౌంటర్‌లో బిడ్డకీ అదే జరుగుతుంది. వయసు తప్పితే రేంజ్ తప్పుతుంది. పుట్టిన మర్నాడు బిడ్డకి హీమోగ్లోబిన్ 12 వస్తే అది తక్కువ. పెద్ద ఆడవాళ్ల రేంజ్ పడితే ఏ గుర్తూ లేకుండా, మామూలుగా ఉన్నట్టు కనిపిస్తుంది. బిలిరుబిన్ అయితే గంటల లెక్కలో చూడాల్సిన రిజల్టు.

శాంపిల్ తీసే దగ్గర ఈఎంఆర్ ఎలా పనిచేస్తుందన్నదే మీ సిస్టర్లు దీన్ని ప్రేమిస్తారా, తిట్టుకుంటారా అన్నది తేల్చేస్తుంది. లేబుళ్లు నర్సింగ్ స్టేషన్‌లో ఒకేసారి ప్రింటు తీసి ట్రేలో వేసుకుని పడకలన్నీ తిరిగే పద్ధతి ఉంటే మార్చండి. ఐదుగురి లేబుళ్లు ఒకే ట్రేలో ఉంటే ఎప్పుడో ఒకరి రక్తం ఇంకొకరి పేరుతో వెళుతుంది, ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా దాన్ని ఆపలేదు. చిన్న ప్రింటర్ బండి మీద పడక దగ్గరికి వెళ్లాలి, చేతికున్న బ్యాండు స్కాన్ చేస్తేనే ఆ పేషెంటు లేబుళ్లు రావాలి, ‘తీశాం’ అన్న సమయం అదే స్కాన్‌తో పడాలి. లేబుల్ ట్యూబు నిలువునా నిటారుగా అంటించాలి, వంకరగా అంటిస్తే మెషిన్ చదవలేక పక్కన పెడుతుంది. ఏ పరీక్షకి ఏ రంగు మూత ట్యూబో లేబుల్ మీదే అచ్చవ్వాలి. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ ఉన్న ఊదారంగు ట్యూబులో ముందు తీసి, దాంట్లోంచి కొంచెం బయోకెమిస్ట్రీ ట్యూబులో పోస్తే పొటాషియం పైకి, కాల్షియం కిందకి పోతాయని ఎంతో మందికి తెలియదు. లేబుళ్లు ట్యూబులు నింపాల్సిన వరుసలోనే ప్రింటయ్యేలా చేయించండి, అదే వాళ్లకి రోజూ గుర్తుచేస్తుంది.

బిల్లింగ్ గేటు గురించి వెండర్లు అడగరు, మనమే చెప్పాలి. ఓపీలో డబ్బు కట్టాకే ఆర్డర్ ల్యాబ్‌కి వెళ్లాలి, సరే. ఇన్‌పేషెంటుకి అలా కాదు. క్యాజువాలిటీలో అయితే ఏ ఆర్డరూ ఏ కౌంటర్ దగ్గరా ఆగకూడదు. ఆరోగ్యశ్రీ పేషెంటుకి ప్రీఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) రాకముందే చేయాల్సిన పరీక్షలుంటాయి, అవి ఏ దారిలో వెళ్లాలో రాసిపెట్టుకోండి. ఈ నియమం ఎల్‌ఐఎస్‌లో పెట్టాలా ఈఎంఆర్‌లో పెట్టాలా అంటే ఈఎంఆర్‌లోనే. ల్యాబ్‌కి డబ్బు గొడవ తెలియకూడదు.

టైము లెక్క కూడా ఇక్కడే సరిచెయ్యొచ్చు. ల్యాబ్ వాళ్లు శాంపిల్ చేతికి అందినప్పటి నుంచి లెక్కేసి నలభై నిమిషాల్లో ఇచ్చాం అంటారు. డాక్టరు ఆర్డర్ పెట్టినప్పటి నుంచి లెక్కేసి మూడు గంటలైంది అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆర్డర్ పెట్టింది, శాంపిల్ తీసింది, ల్యాబ్‌కి చేరింది, రిజల్టు ఓకే చేసింది, నాలుగు సమయాలూ ఈఎంఆర్‌లో కనిపిస్తే అసలు ఆలస్యం వార్డు నుంచి ల్యాబ్‌కి ట్యూబు నడిచే దారిలో ఉందని తరచుగా బయటపడుతుంది. అప్పుడు పోట్లాట ఆగి, ఇంకో అటెండర్‌ని వేసుకునే మాట మొదలవుతుంది.

రిజల్టు స్క్రీన్‌లో మీరు పట్టుబట్టాల్సింది, సరిచేసిన రిజల్టు ఎలా కనిపిస్తుందన్నది. ల్యాబ్ ఒక రిజల్టు విడుదల చేసి, తర్వాత తప్పని తెలిసి మార్చి పంపిస్తే, కొత్త అంకె ముందుండాలి, పాతది ఏమిటో పక్కన కనిపించాలి, ఆర్డర్ పెట్టిన డాక్టరుకి మళ్లీ కబురు వెళ్లాలి. అంకె నిశ్శబ్దంగా మారిపోకూడదు. పాత అంకె చూసి మందు రాసేసి వెళ్లిపోయిన డాక్టరు మళ్లీ ఆ పేజీ తెరవడు. కల్చర్ రిపోర్టులది, అంటే శాంపిల్‌లోని క్రిముల్ని పెంచి చూసే పరీక్షలది, ఇంకా కష్టం. మొదటి రోజు ప్రిలిమినరీ, తర్వాత జీవి పేరు, ఆ తర్వాత దానిమీద ఏ మందులు పనిచేస్తాయో చెప్పే పట్టిక వస్తాయి. అందుకే మైక్రోబయాలజీని మొదటి విడతలో పెట్టొద్దంటాను. హెమటాలజీ, బయోకెమిస్ట్రీ కుదిరాక దానికి రండి.

అలర్టుల మోజు ఇప్పుడు వద్దు. ప్రాణాపాయం సూచించే క్రిటికల్ రిజల్టులకి మాత్రం ఉండాలి, అదీ ఫోన్‌కి బదులుగా కాదు, ఫోన్‌తో పాటు. ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు, తిరిగి చదివి వినిపించారా, ఎన్ని గంటలకు అన్నది ఎల్‌ఐఎస్‌లోనే నమోదు చేసే వీలుండాలి. ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ తనిఖీలో ఇది అడుగుతారు, కానీ అందుకోసం కాదు, అర్ధరాత్రి పొటాషియం 2.3 ఉన్న పేషెంటు కోసం.

డిశ్చార్జ్ సమ్మరీ కొత్త డిజైన్ ఆపమన్నాను, కానీ ఉన్న సమ్మరీని మాత్రం పరీక్షించాలి. అది పాత టెస్ట్ కోడ్‌ల నుంచి రిజల్టులు లాక్కుంటోంది. కోడ్‌లు మారగానే సమ్మరీలో ల్యాబ్ భాగం ఖాళీ అవుతుంది, ఎవరికీ ఎర్రర్ రాదు. ఐసీయూ చార్టు, కిడ్నీ పనితీరు లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్, ఇన్సూరెన్స్ డెస్క్ తీసుకునే పీడీఎఫ్, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నెలవారీ రిపోర్టు, ఇలా పాత కోడ్‌ల మీద ఆధారపడ్డ ప్రతిదాన్నీ ఇప్పుడే వెతికి రాసిపెట్టండి.

మార్పు రోజు ఆదివారం పెట్టుకోండి, ఓపీ ఉండదు. ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య మాత్రం వద్దు, డెంగీ, విషజ్వరాల రద్దీలో ల్యాబ్ ఊపిరి తీసుకోదు. వెండర్ మనిషి పగలే కాదు, మొదటి వారం రాత్రుళ్లు కూడా ల్యాబ్‌లో ఉండాలని కాంట్రాక్టులోనే రాయించండి. కాగితం పద్ధతి సిద్ధంగా ఉండాలి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద ర్యాన్‌సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు అంత పెద్ద సంస్థే రోజుల తరబడి కాగితాల మీద నడిచింది. మెడికల్ ల్యాబ్‌ల నాణ్యత ప్రమాణం ఐఎస్‌ఓ 15189 కొత్త ఎడిషన్, 2022ది, 7.6 క్లాజులో సిస్టమ్ ఆగినప్పుడు ల్యాబ్ ఎలా నడుస్తుందో ముందే రాసుకోవాలని అడుగుతుంది. ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ వాళ్లు చూస్తారు కాబట్టి ఒక ఫైల్ తయారు చేయడం కాదు, ఒక రాత్రి షిఫ్టుతో నిజంగా చేయించి చూడండి. ముందే ప్రింటు చేసిన బార్‌కోడ్ లేబుళ్ల రోలు ఒకటి ప్రతి వార్డులో ఉంటే సిస్టమ్ తిరిగొచ్చాక కాగితం రిజల్టుల్ని కలపడం సులువవుతుంది.

ల్యాబ్ కుదుటపడ్డాకే ఆర్డర్ సెట్లు (ఒకేసారి కలిపి పెట్టే ఆర్డర్ల కట్టలు), స్క్రీన్లు. అప్పటికి మీ దగ్గర అంచనాలు కాదు, లెక్కలుంటాయి: ఏ వార్డులో ఏ పరీక్ష ఎక్కువ పెడుతున్నారు, ఏ రిజల్టులు ఎవరూ తెరవకుండా పడున్నాయి, ఏ పేషెంటుకి రోజూ సీబీపీ అలవాటుగా వెళుతోంది. ఏబీడీఎమ్‌కి, అంటే కేంద్ర ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య వ్యవస్థకి, కలిపి పేషెంటు ఆభా (డిజిటల్ హెల్త్) ఖాతాలోకి రిపోర్టులు పంపే పని కూడా అప్పుడే పెట్టుకోండి. అక్కడ ఫైర్ ఆర్4 అనే డేటా పద్ధతిలో పంపాలి, లాయింక్ కోడ్‌లు ముందే పెట్టుకున్నారు కాబట్టి సగం పని అయిపోయినట్టే.

చేతి టైపింగ్ కొన్నాళ్లు పక్కన నడపాలా అన్నదానికి, నడపొద్దు. ఈఎంఆర్‌లో ఒకే పరీక్షకి మెషిన్ పంపిన రిజల్టు ఒకటి, టైపు చేసింది ఒకటి ఉంటే డాక్టరు దేన్ని నమ్మాలి? సరిపోల్చే పని మార్పుకి ముందే, టెస్ట్ సర్వర్ మీద చెయ్యండి. ప్రతి పరీక్షకీ తక్కువ, మామూలు, ఎక్కువ, అంకె కాని రిజల్టు, నాలుగు రకాలూ నిజమైన మెషిన్ నుంచి పంపించి, ఈఎంఆర్ స్క్రీన్ మీద కనిపించినదాన్ని అనలైజర్ ప్రింటవుట్ పక్కన పెట్టి ఇద్దరు చూసి సంతకం చెయ్యాలి, ఒకరు ల్యాబ్ నుంచి, ఒకరు వార్డు నుంచి. ఏ పరీక్షకి ఆ రెండు సంతకాలూ పడలేదో దాన్ని ఆదివారం ఆన్ చెయ్యొద్దు. అది ఒక్కటీ పాత పద్ధతిలోనే, టైపింగ్‌తోనే, సంతకాలు పడేదాకా నడవనివ్వండి.